మాఘీ పండుగకి థారూ వాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. మరి మనం?



నేపాల్ నుంచి వచ్చి నెల దాటింది. "ఏరా, అంత దూరం పోయి రెండే రెండు ఫోటోలా?" అని గ్రూపులో చాలామంది అడిగారు. ఫోటోలు ఎందుకు తీయలేదో, అక్కడి పండుగ చూశాక మన పండుగ గురించి ఏమనిపించిందో రాద్దామని కూర్చున్నా. పోస్టు పెద్దది. ఓపిక ఉన్నప్పుడు చదవండి. తప్పనిపిస్తే కింద తిట్టండి, పర్లేదు.

నా గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మాది చింతూరు ఏజెన్సీ, కోయ. నాకు ఇరవై ఏళ్ళు. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటోణ్ణి. మా కాలేజీలో ఎన్నెస్సెస్ చూసే సార్ ద్వారా ఈ శిక్షణ గురించి తెలిసింది. పల్లెల్లో పిల్లలకి చదువు చెప్పడం, ప్రథమ చికిత్స, ఊరి సర్వే చేయడం ఇవన్నీ వాలంటీర్లకి నేర్పిస్తారు. మూడు వారాలు. తిండి, బస వాళ్ళదే. దారి ఖర్చులు మాత్రం మనవే. నేను అడగ్గానే నాన్న ఒక్క మాట అనకుండా నాలుగు వేలు తెచ్చి చేతిలో పెట్టాడు. ఎక్కడ్నుంచి తెచ్చావని నేను అడగలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

విజయవాడలో రైలెక్కి లక్నోలో దిగాను. అక్కడ్నుంచి బస్సులో రూపైడీహా అనే బోర్డర్ ఊరికి. నడిచి దాటితే నేపాల్‌గంజ్. మన వాళ్ళకి పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు. మన వంద రూపాయలు అక్కడ నూట అరవై. వాళ్ళ గడియారం మనకంటే పావుగంట ముందు. ఫోన్లో టైం మారడం చూసి, నిజంగానే వేరే దేశం వచ్చేశాను అనుకున్నా. అక్కడ్నుంచి బర్దియా జిల్లాలో ఒక పల్లె. అది థారూ వాళ్ళ ఊరు.

థారూ అంటే నేపాల్ దక్షిణాన మైదానంలో, తరాయి అంటారు, అక్కడ ఉండే ఆదివాసులు. 2021 లెక్కల్లో దాదాపు 18 లక్షల మంది. బోర్డర్ ఇవతల మన ఉత్తరప్రదేశ్‌లో కూడా ఉన్నారు, అక్కడ ఎస్టీలు. ఒకప్పుడు తరాయి అంతా మలేరియా అడవి. బయటివాళ్ళు అక్కడ ఉండలేకపోయేవాళ్ళు. 1950ల నుంచి డీడీటీ కొట్టి మలేరియాని తగ్గించారు. తగ్గాక కొండల నుంచి జనం దిగారు. భూమి కాగితాలు తెలిసినవాళ్ళ పేర్లకి ఎక్కింది. తరతరాలుగా దున్నినవాళ్ళు తమ భూమిలోనే పాలేర్లయ్యారు. అప్పు కింద కట్టుబడిపోయిన ఆ పాలేరుతనాన్ని కమైయా అంటారు. 2000 జూలై 17న అక్కడి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఈ కథ వింటుంటే కొత్తగా ఏం అనిపించలేదు. మనకి 1970లో 1/70 చట్టం రాకపోతే, వచ్చినా దాన్ని పట్టుకుని కొట్లాడేవాళ్ళు లేకపోతే, మన కథ కూడా ఇంతే కదా.

ఇక శిక్షణ. మా బ్యాచ్‌లో పద్నాలుగు మందిమి. ఖాట్మండు వాళ్ళు, మన దేశం నుంచి కొందరు సిటీ పిల్లలు, ఇద్దరు యూరప్ నుంచి. ఆదివాసీని నేనొక్కణ్ణే. పొద్దున క్లాసులు, సాయంత్రం ఊళ్ళో ఒక్కో ఇంట్లో ఒక్కొక్కరం. నాకిచ్చిన ఇంట్లో అమ్మ, నాన్న, ముసలావిడ, పెద్దక్క, ఇద్దరు పిల్లలు. మట్టి గోడలు. గదికీ గదికీ మధ్య గోడ బదులు మనిషెత్తు మట్టి గాదెలు, డెహ్రీ అంటారు. ధాన్యం అందులోనే. ముసలావిడ కాళ్ళ నిండా పచ్చబొట్లు. మా అవ్వకి చేతుల మీద ఉన్నాయి, ఈవిడకి కాళ్ళ మీద. అంతే తేడా.

రెండో రోజు మా బ్యాచ్‌లో ఒకమ్మాయి వచ్చి, ముసలావిడని అడక్కుండానే కాళ్ళ దగ్గర కూర్చుని ఫోటోలు తీసింది. చెడ్డ పిల్ల కాదు. నవ్వుతూ, ఇష్టంగానే తీసింది. ముసలావిడ చీర కిందకి లాక్కుంది. నా గుండె కలుక్కుమంది. మా ఊరికి కూడా టూరిస్టులు వస్తారు. మా అవ్వని ఇలాగే తీస్తారు. మా అవ్వ కూడా ఇలాగే చెంగు లాక్కుంటుంది. ఇన్నాళ్ళూ కెమెరాకి ఇవతలే ఉన్నా. ఇప్పుడు కెమెరా ఉన్నవాళ్ళ బస్సులోంచి దిగాను. ఆ రోజు ఫోన్ సంచిలో పెట్టేశా. ఫోటోలు తక్కువ ఉండడానికి కారణం ఇదే.

భాష సంగతి ఇంకొకటి. మాకు రోజూ గంట నేపాలీ నేర్పారు. దాయ్ అంటే అన్న అని చెప్పారు. ఇంటికొచ్చి, పొలం నుంచి వచ్చిన అన్నని "దాయ్" అని పిలిస్తే పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్ళ థారూ భాషలో డాయి అంటే అమ్మ! నేను మీసాలున్నాయనని అమ్మా అని పిలిచినట్టయింది. నవ్వు అయిపోయాక ఆలోచిస్తే నవ్వు రాలేదు. థారూ ఊరికి పంపిస్తూ థారూ ఒక్క ముక్క నేర్పలేదు. ముసలావిడకి నేపాలీ సరిగా రాదు. అంటే ఎవరి కోసం వచ్చామో వాళ్ళతోనే మాట్లాడలేం. ఒకటో తరగతిలో నాకూ ఇంతే. టీచరు తెలుగు, నేను కోయ. "నీళ్ళు తాగొస్తా" అని చెప్పడం రాక నిక్కర్లోనే పోసుకున్నవాళ్ళం ఎంతమందిమి లేము ఇక్కడ? 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర లాంటి ఎనిమిది భాషల్లో బడి మొదలుపెట్టారు. మా బడి దాకా మాత్రం అది రాలేదు.

నేను శిక్షణ ఇచ్చేవాళ్ళని అడిగా, థారూ కూడా నేర్పొచ్చు కదా అని. "మూడు వారాల్లో ఎన్నని నేర్పుతాం" అన్నారు. అది నిజమే. అందుకని నేనే ఇంటి పిల్లల దగ్గర రోజుకి ఐదు మాటలు రాసుకున్నా. తెలుగు లిపిలో. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది.

ఇప్పుడు అసలు విషయం. మాఘీ.

జనవరి మధ్యలో, మనకి సంక్రాంతి వచ్చే రోజుల్లోనే వాళ్ళకి మాఘీ. అది వాళ్ళ కొత్త సంవత్సరం. ముందురోజు పందిని కోస్తారు. రాత్రంతా పాటలు, ఆటలు. తెల్లారకముందే పోయి ఏటిలో మునగాలి. ఆ మంచులో మునిగి పైకి లేచాక నాకు పేరు కూడా గుర్తు రాలేదు. తర్వాత పెద్దవాళ్ళ కాళ్ళకి మొక్కి దీవెనలు తీసుకోవాలి. బియ్యం, పప్పు, ఉప్పు పక్కకి తీసి పెళ్ళయిన ఆడపిల్లలకి ఇస్తారు, నిస్రౌ అంటారు. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించిన ఢిక్రీ, ఘోంఘీ అని నత్తల కూర, బియ్యంతో కాచిన కల్లు. హాస్టల్లో మొదటి సంవత్సరం "నత్తలు తినేవాడు" అని నన్ను వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. అప్పటినుంచి ఇంటి తిండి గురించి నోరు విప్పలేదు. అక్కడ చిప్ప నోట్లో పెట్టుకుని జుర్రుమని లాగుతుంటే, ఇంటి నాన్న "వీడికి నేర్పక్కర్లేదే!" అని ఆశ్చర్యపోయాడు.

ఆట, పాట, తిండి ఇవన్నీ మనకీ ఉన్నాయి. మనకి కొత్తగా అనిపించింది మర్నాడు జరిగింది. దాని పేరు ఖోజ్నీ బోజ్నీ. ముందు ఇంట్లో అందరూ కూర్చుంటారు. పోయినేడు ఏం చేశాం, ఎంత పండింది, ఎంత అప్పు, ఈ ఏడు ఎవరు ఏ పని చేయాలి, ఎవరు చదవాలి, ఎవరు బయటికి పోవాలి, పెళ్ళి ఉందా, ఉమ్మడిగా ఉందామా వేరుపడదామా, అన్నీ. ఆ తర్వాత ఊరంతా కూర్చుంటుంది. బర్‌ఘర్‌ని ఎన్నుకుంటారు. బర్‌ఘర్ అంటే ఊరి పెద్ద. బర్దియాలో బర్‌ఘర్, డాంగ్ వైపు మటావాన్ అంటారు. వంశం వల్ల వచ్చే పదవి కాదు. ఏడాదికి. బాగా చేస్తే మళ్ళీ పెడతారు, లేకపోతే దింపేస్తారు. కాలవ పూడిక తీయడానికి ఇంటికొకరు ఎప్పుడు రావాలి, దారి ఎవరు బాగుచేయాలి, తగాదాలు ఎలా తీర్చుకోవాలి, అన్నీ అక్కడే. మేం ఉన్న ఊళ్ళో ఆ మాటలు నాలుగు గంటలు నడిచాయి. పాత బర్‌ఘర్‌ని నిలబెట్టి, కాలవ పనికి రానివాళ్ళ దగ్గర వసూలు చేసిన డబ్బు లెక్క అడిగారు. అడిగింది ఒక ముసలాయన కాదు, నా వయసు అమ్మాయి.

మా బ్యాచ్‌లో సగం మంది ఆ నాలుగు గంటలు లేరు. ముందురోజు డాన్సు వీడియోలు తీసుకుని, పండుగ అయిపోయిందనుకుని నేషనల్ పార్కులో ఏనుగులు చూడ్డానికి పోయారు. వాళ్ళని ఏమనగలం? సంప్రదాయం అంటే డాన్సు, డ్రస్సు, తిండి అని మనమే కదా ప్రపంచానికి చెప్పింది. ఆగస్టు 9న కాలేజీలో మనం చేసేది కూడా అదే. తలకి కొమ్ములు పెట్టుకుని డోలు కొట్టి స్టేజి దిగిపోతాం.

ఒక మాట ఇక్కడ చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినవాణ్ణి అవుతా. ఇదే మాఘీ నాడు ఇంకో పని కూడా జరిగేది. ఆడపిల్లల్ని ఏడాది ఒప్పందం మీద పెద్దిళ్ళలో పనికి పంపేవాళ్ళు. కమ్లరీ అంటారు. ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు, పదేళ్ళ పిల్లలు. పండుగనాడు బేరం కుదిరేది, మర్నాడు పిల్ల వెళ్ళిపోయేది. ఆ పిల్లలే పెరిగి, రోడ్డెక్కి కొట్లాడితే 2013 జూన్‌లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కమ్లరీగా బతికిన శాంతా చౌధరి 2008లో నేపాల్ రాజ్యాంగ సభలో సభ్యురాలిగా కూర్చుంది. నేనున్న ఇంట్లో పెద్దక్క కూడా తొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళింది, పదిహేనేళ్ళప్పుడు తిరిగొచ్చింది. ఖోజ్నీ బోజ్నీలో అందరికంటే ముందు ఆమెనే అడిగారు, "ఈ ఏడు నువ్వేం చేస్తావు?" అని. తర్వాత నేను అడిగా, అక్కా మీ ఇంట్లో ఎప్పుడూ ఇలాగే అడుగుతారా అని. "అప్పుడూ ఇలాగే కూర్చున్నారు. నా గురించే మాట్లాడారు. నన్ను అడగలేదు" అంది. వచ్చీరాని హిందీలో ఇద్దరం మాట్లాడుకున్నాం, అయినా ఆ మాట నాకు బాగా అర్థమైంది.

అదే పండుగ, అదే చాప. ఒకప్పుడు ఆ చాప మీదే పిల్లని అమ్మారు, ఇప్పుడు ఆ చాప మీదే పిల్లని అడుగుతున్నారు. అందుకని సంప్రదాయం మంచిదా చెడ్డదా అని కొట్టుకోవడం దండగ అనిపించింది. చాప మీద ఎవరు కూర్చుంటున్నారు, ఎవరిని అడుగుతున్నారు, అది చూడాలి.

ఇక నాలుగు వేల సంగతి. జనవరి చివర్లో ఇంటికి వచ్చా. స్వెట్టర్ విప్పకముందే తెలిసింది. మా చెల్లి మిరప కోతకి పోతోంది. తొమ్మిదో తరగతి మధ్యలో ఆపేసి పోయినేడే ఒకసారి పోయింది, ఈ ఏడు మళ్ళీ పోవడం ఇష్టం లేదని నాకు తెలుసు. మేస్త్రీ దగ్గర నాన్న అడ్వాన్సు తీసుకున్నాడు. ఎప్పుడు తీసుకున్నాడో, ఎందుకు తీసుకున్నాడో మీకు చెప్పక్కర్లేదు. నేను నేపాల్‌లో కమ్లరీ గురించి విని కళ్ళు తుడుచుకున్న రోజున, నా టికెట్టు డబ్బు మా చెల్లి చేతి పని మీద తెచ్చిన అప్పు.

ఆ రాత్రి ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టా. ఖోజ్నీ బోజ్నీ అని పేరు చెప్పలేదు, చెప్తే అవ్వ నవ్వుతుంది. ఊరికే, "ఈ ఏడు ఎవరేం చేద్దాం" అన్నా. నాన్నకి కోపం వచ్చింది. "చదువుకున్నోడివి, నన్ను లెక్కలడుగుతావా" అన్నాడు. అవ్వే ఆపింది. చెల్లిని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బడికి పోతా, కానీ నాకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోవాలంటే సిగ్గు" అంది. ఇన్నాళ్ళూ మేమంతా దానికి చదువు మీద ఇష్టం లేదనుకున్నాం. అడిగితే ఒక్క నిమిషంలో తెలిసేది.

సినిమాలోలా ఏమీ మారలేదు. అడ్వాన్సు ఇప్పటికిప్పుడు తిరిగి ఇవ్వలేకపోయాం. చెల్లి ఈ కోతకి పోయింది. నా స్కాలర్‌షిప్ పడితే మిగతాది కట్టేస్తాం, జూన్‌లో బడిలో చేరుతుంది. ఆ మాట నాన్న కూడా ఒప్పుకున్నాడు. హాస్టల్లో ఆదివారాలు కేటరింగ్ పనికి పోతున్నా. అంతే జరిగింది.

ఇప్పుడు మన భూమి పండుగ గురించి. ఇంకో రెండు మూడు నెలల్లో విజ్జ పండుం వస్తుంది. విత్తనాలు భూమిలో వేసే ముందు ఊరంతా కలిసి చేసుకునే పండుగ. పాత రోజుల్లో విత్తనం పంచుకునేటప్పుడే ఏ పొలంలో ఏం వేయాలో, ఎవరికి ఎవరు సాయం పోవాలో మాట్లాడుకునేవాళ్ళని అవ్వ చెబుతుంది. ఇప్పుడు? రోడ్డుకి తాడు కట్టి బండ్లు ఆపడం మిగిలింది. డీజే బాక్సులు వచ్చాయి. రీల్స్ వచ్చాయి. ఊరు కూర్చోవడం పోయింది.

ఇంకోపక్క పీసా చట్టం 1996 నుంచి ఉంది. మన రాష్ట్రంలో రూల్స్ 2011లో వచ్చాయి. భూమి, నీళ్ళు, పునరావాసం, అన్నిటి మీద గ్రామసభ మాట్లాడొచ్చు. మా ముంపు మండలాల్లో పోలవరం వల్ల ఏ ఊరు ఎక్కడికి పోతుందో అనే మాటలు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉన్నాయి. కానీ గ్రామసభ అంటే మన చాలా ఊళ్ళల్లో ఆఫీసరు బండి వచ్చినప్పుడు రిజిస్టర్‌లో సంతకం. మాట్లాడే అలవాటు లేని ఊరికి, బండి వచ్చిన రోజు ఒక్కసారిగా మాటలు ఎక్కడ్నుంచి వస్తాయి? థారూ అమ్మాయి అంత ధైర్యంగా లెక్క అడగడానికి కారణం, ఆమె చిన్నప్పటినుంచి ప్రతి మాఘీకి ఆ చాప మీద కూర్చుంది. ముందు ఇంట్లో కూర్చుంది, తర్వాత ఊళ్ళో కూర్చుంది.

కొందరు సీనియర్ అన్నలకి ఈ మాట ఫోన్లో చెప్పా. ఒక అన్న, "పండుగ పవిత్రమైంది, అందులోకి లెక్కలూ గొడవలూ తేవద్దు" అన్నాడు. అన్నా, నీ మీద గౌరవంతోనే చెబుతున్నా. విత్తనం గురించి మాట్లాడుకోవడం కంటే పవిత్రమైంది ఆ పండుగలో ఏముంది? డీజే తెచ్చినప్పుడు రాని మైల, చెల్లి చదువు గురించి మాట్లాడితే వస్తుందా? ఇంకో అక్క, "మూడు వారాలు బయటికి పోయొచ్చి మనకి పాఠాలు చెబుతున్నావా" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది, నిజమే కాబట్టి. మూడు వారాల్లో థారూ వాళ్ళ గురించి అంతా తెలిసిపోదు. వాళ్ళ ఊళ్ళల్లో కూడా తాగుడు ఉంది, గల్ఫ్‌కి పోయే మగపిల్లలు ఉన్నారు, బర్‌ఘర్ మాట వినని ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళని చూసి అలాగే చేద్దామని అనట్లేదు. మనకి ఉన్నదాన్నే, మనం వదిలేసినదాన్నే, వాళ్ళ దగ్గర చూసి గుర్తుపట్టాను అంటున్నా.

అందుకని నా మాట ఇది. మనలో ఎవరికైనా ఇలా బయటి దేశం శిక్షణ అవకాశం వస్తే తప్పకుండా వెళ్ళండి. దారి ఖర్చు ఎవరి కష్టం మీద వస్తుందో మాత్రం ముందే అడిగి వెళ్ళండి. అక్కడ పాలకుల భాషతో పాటు ఆ ఊరి భాష పది మాటలైనా నేర్చుకోండి. పండుగలో డాన్సు అయ్యాక లేచి వచ్చేయకుండా, గిన్నెలు కడిగేదాకా, మాటలు అయ్యేదాకా ఉండండి. మంచి ఒక్కటే రాసుకుని రాకండి. అక్కడి చెడు కూడా అడగండి, ఎందుకంటే మన చెడు అప్పుడే గుర్తొస్తుంది.

వెళ్ళలేనివాళ్ళకి, అంటే మనలో దాదాపు అందరికీ: ఈ భూమి పండుగకి ఊళ్ళో ఒక్క పూట డీజే ఆపించండి. పెద్దల్ని అడిగి, పూజారి అనుమతి తీసుకుని, అందరం కూర్చుందాం. మూడే ప్రశ్నలు. ఈ ఏడు మన ఊళ్ళో బడి మానేసింది ఎవరు, వాళ్ళని ఎవరైనా అడిగారా? మేస్త్రీ అడ్వాన్సు ఎన్ని ఇళ్ళల్లో ఉంది? మన పాత విత్తనాలు ఎవరింట్లో ఏమున్నాయి? రాసుకునే పని చదువుకున్న మనది. మాట్లాడే పని మొదట ఆడవాళ్ళది, పిల్లలది.

నేను మా ఊళ్ళో చేస్తున్నా. కుదరకపోతే, పెద్దలు ఒప్పుకోకపోతే, అది కూడా ఇక్కడే రాస్తా. మీ ఊళ్ళో ఎవరైనా ఇప్పటికే ఇలా కూర్చుంటుంటే దయచేసి కింద రాయండి, వచ్చి చూస్తా. ఫోన్ సంచిలోనే ఉంటుంది.

చెల్లి నిన్న మిరప తోట దగ్గర్నుంచి మేస్త్రీ ఫోన్లో మాట్లాడింది. చేతులు మండుతున్నాయంది. తర్వాత, "జూన్ ఎన్నో తారీకు అన్నా బడి?" అని అడిగింది.

జై ఆదివాసీ.